వీల్యాన్ ఇంటర్‌ఫేసుల మీద ట్రాఫిక్ వర్గీకరణ, షేపింగు: చెట్టు ఎక్కడ నాటాలి?

(కళాశాలల నెట్‌వర్కు నిర్వాహకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ గదిలో ఉన్న మీలో చాలామంది ఒక లినక్స్ రూటరును, దాని కింద ఒక మేనేజ్డ్ స్విచ్‌ను, ఆ స్విచ్ మీద నాలుగైదు వీల్యాన్లను, అంటే ఒకే తీగ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్కులను, నడుపుతున్నవారే. హాస్టలుకు ఒకటి, ల్యాబులకు ఒకటి, ఆఫీసుకూ పరీక్షల విభాగానికీ కలిపి ఒకటి, ఐపీ ఫోన్లకు ఒకటి అని విడదీసి ఉంటారు. విడదీసిన తర్వాత సహజంగా వచ్చే కోరిక, బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్‌ను వీటి మధ్య న్యాయంగా పంచాలని. ప్యాకెట్లను వరసలో ఆపి వాటి వేగాన్ని ఇలా మలచడాన్నే షేపింగు అంటాం. ఈ పంపకం గురించి ఈ రోజు నేను చెప్పదలచినది ఒకే ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. ఎవరికి ఎన్ని మెగాబిట్లు అన్న అంకెల కన్నా ముందు, ఆ లెక్క ఏ ఇంటర్‌ఫేసు మీద జరగాలన్నది తేల్చుకోవాలి. అది తప్పితే అంకెలు ఎంత జాగ్రత్తగా వేసినా ఫలితం ఉండదు. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను, ఆ అనుభవం కూడా కాసేపట్లో చెబుతాను.

ముందు ట్యాగును, అంటే ఫ్రేము ఏ వీల్యాన్‌దో చెప్పే గుర్తును, దగ్గరగా చూద్దాం. మామూలు ఈథర్నెట్ ఫ్రేములో చేరవలసిన చిరునామాకు 6 బైట్లు, పంపిన చిరునామాకు 6 బైట్లు, లోపల ఉన్నది ఏ ప్రోటోకాలో చెప్పడానికి 2 బైట్లు ఉంటాయి. 1998లో వెలువడిన ఐఈఈఈ 802.1క్యూ ప్రమాణం, పంపిన చిరునామాకూ ఈ చివరి 2 బైట్లకూ మధ్య ఇంకో 4 బైట్లను చొప్పించింది. వాటిలో మొదటి రెండింటిలో హెక్సాడెసిమల్ సంఖ్య 8100 ఉంటుంది; ఇది ట్యాగు ఉన్న ఫ్రేము అని దాని అర్థం. మిగిలిన 16 బిట్లలో 3 బిట్లు ప్రాధాన్యాన్ని చెబుతాయి, 1 బిట్టు రద్దీ ఎక్కువైతే ఈ ఫ్రేమును ముందుగా వదిలేయవచ్చని చెబుతుంది, 12 బిట్లు వీల్యాన్ సంఖ్యను చెబుతాయి. 12 బిట్లకు 4096 విలువలు వస్తాయి, అందులో 0నూ 4095నూ పక్కన పెడితే మనం వాడుకోగలిగినవి 4094. ట్యాగు చేరడం వల్ల ఫ్రేము గరిష్ఠ పొడవు 1518 బైట్ల నుంచి 1522 బైట్లకు పెరిగింది.

ఇందులో గమనించవలసింది ఏమిటంటే, ఆ 4 బైట్లు రెండు వేర్వేరు సంగతులు మోస్తున్నాయి. ఈ ఫ్రేము ఎవరిది అన్నది ఒకటి, ఇది ఎంత తొందరగా వెళ్లాలి అన్నది రెండోది. రెండోదానికి ఉన్నవి 3 బిట్లే, అంటే 8 మెట్లే. ఐపీ హెడరులో ఇదే పనికి డీఎస్‌సీపీ అని 6 బిట్లు ఉన్నాయి. అవి కూడా 1998లోనే, ఇంటర్నెట్ ప్రమాణ పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 2474తో స్థిరపడ్డాయి. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది పొరబడతారు. ట్యాగు రూటరు గడప దాటదు. రూటరు దాన్ని విప్పి పక్కన పెట్టి, అవతలి వీల్యాన్‌కు కొత్త ట్యాగు కడుతుంది. డీఎస్‌సీపీ మాత్రం, ఎవరూ చెరపకపోతే, ప్యాకెట్టుతో పాటే ముందుకు సాగిపోతుంది.

ఇప్పుడు లినక్స్ సంగతికి వద్దాం. రూటరులో ఈత్0 బయటి వైపు ఉందనుకోండి, ఈత్1 స్విచ్‌కు ట్రంకుగా, అంటే అన్ని వీల్యాన్లనూ మోసే ఒకే తీగగా, వెళ్తోందనుకోండి. ఈత్1 మీద ఈత్1.10, ఈత్1.20, ఈత్1.30, ఈత్1.40 అని నాలుగు వీల్యాన్ ఇంటర్‌ఫేసులు తయారుచేశాం. వీటికి సొంత తీగ లేదు, సొంత కార్డు లేదు. ఈత్1.20కి ఒక ప్యాకెట్టు ఇస్తే అది దానికి 20 అన్న ట్యాగు తగిలించి ఆ క్షణమే ఈత్1 చేతిలో పెడుతుంది. అందుకే లినక్స్‌లో ట్రాఫిక్‌ను అదుపు చేసే టీసీ ఆదేశంతో 'టీసీ క్యూడిస్క్ షో' (క్యూడిస్క్ అంటే ప్యాకెట్లు వరస కట్టే పద్ధతి) అని కొట్టి చూస్తే వీల్యాన్ ఇంటర్‌ఫేసు ఎదురుగా 'నోక్యూ' అని కనిపిస్తుంది. అక్కడ వరస ఏర్పడదు. వరస ఏర్పడేది కింద ఉన్న అసలు కార్డు దగ్గర, ఆ తర్వాత తీగ ఎక్కడ ఇరుకైతే అక్కడ.

అయితే ఈత్1.20 మీద మీరు హెచ్‌టీబీ, అంటే లైను వేగాన్ని చెట్టు కొమ్మల్లా వర్గాలుగా పంచే క్యూడిస్క్, తగిలిస్తానంటే లినక్స్ కాదనదు. మార్టిన్ డెవెరా రాసిన ఈ హెచ్‌టీబీ 2002లో 2.4.20 కెర్నెల్‌తో అందరికీ చేరింది. ఈనాటికీ వర్గాలవారీ పంపకానికి ఎక్కువమంది చేయి వెళ్లేది దాని మీదికే. దాన్ని వీల్యాన్ ఇంటర్‌ఫేసు మీద పెడితే చక్కగా పనిచేస్తుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

నేను చూసుకున్న ఒక కాలేజీలో మొదట నేను చేసింది ఇదే. బయటి లైను 100 మెగాబిట్లు. హాస్టలు వీల్యాన్ మీద ఒక చెట్టు, ల్యాబుల మీద ఒక చెట్టు, ఆఫీసు మీద ఒక చెట్టు పెట్టి ఒక్కొక్కదానికి 30 మెగాబిట్లు రాశాను. రాత్రి సమస్య ఏమీ కనబడలేదు. పగలు ల్యాబులో అరవై మంది ఆన్‌లైన్ పరీక్షకు కూర్చున్నారు, పేజీలు తెరుచుకోవడం ఆగిపోయింది. పిల్లలు ముఖాముఖాలు చూసుకుంటున్నారు, ఇన్విజిలేటరు పరుగున నా దగ్గరికి వచ్చారు. నేను గ్రాఫు తెరిస్తే హాస్టలు వీల్యాన్ దాదాపు ఖాళీ, ఆఫీసు సగం ఖాళీ, ల్యాబు మాత్రం 30 దగ్గర గీత గీసినట్టు నిలిచిపోయి ఉంది. పక్కన ఖాళీగా ఉన్న 50 మెగాబిట్లను ల్యాబు అప్పు తీసుకోలేదు, ఎందుకంటే అప్పు ఇవ్వవలసినవాళ్లు వేరే చెట్టు కొమ్మలు.

ఆ రోజు గండం గడవడానికి మూడింటికీ 95 రాసేశాను. పరీక్ష నడిచింది. ఆ రాత్రి హాస్టలూ ల్యాబూ ఒకేసారి లాగడం మొదలుపెట్టేసరికి అసలు షేపింగే లేనట్టయింది. ఒక్కొక్క చెట్టు తన మటుకు తాను 95 దాటలేదు, కానీ మూడూ కలిపి అడిగింది లైను మోయగలిగినదాని కన్నా చాలా ఎక్కువ. అప్పుడు వరస నా రూటరులో కాకుండా సర్వీసు ఇచ్చేవారి పరికరంలో పేరుకుంటుంది. అక్కడ ఏది ఫోను మాటో, ఏది సినిమా డౌన్‌లోడో తెలిసిన వర్గీకరణ లేదు. ఆ పరికరంలో 5 మెగాబైట్ల బఫరు ఉందనుకోండి, 100 మెగాబిట్ల వేగంతో అది ఖాళీ కావడానికి 0.4 సెకను పడుతుంది. ఆ 0.4 సెకను ఆలస్యం ప్రతి ప్యాకెట్టుకూ తగులుతుంది. ఫోనులో అవతలివాళ్ల మాట మన మాట మీద పడిపోతుంది.

కృష్ణా, గోదావరి కాలువల కింద పొలాలు ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. మూడు పిల్ల కాలువల తూముల దగ్గర ముగ్గురు లస్కర్లు ఉండి, వాళ్లకు ఒకరితో ఒకరికి మాట లేకపోతే, పెద్ద కాలువలో నీరెంత వస్తోందో ఏ ఒక్కరూ లెక్క చెప్పలేరు. ఎవరి తూము వాళ్లు సక్రమంగానే ఎత్తుతారు, చివరి భూములకు మాత్రం నీరు అందదు. పంపకం తెలిసిన మనిషి పిల్ల కాలువలు చీలే చోట, వాటన్నిటికీ పైన నిలబడాలి. మన రూటరులో ఆ చోటు ఈత్1. అన్ని వీల్యాన్ల ప్యాకెట్లూ కలిసి దాటే చోటు అదొక్కటే, కాబట్టి చెట్టు అక్కడ ఒక్కటే ఉండాలి, వీల్యాన్లన్నీ దాని కొమ్మలు కావాలి.

ఇక్కడ దిశ గురించి ఒక మాట చెప్పాలి. మనం మలచగలిగేది మన చేతిలోంచి బయటికి వెళ్లే ప్యాకెట్లను మాత్రమే. వచ్చేదాన్ని వరసలో నిలబెట్టడం లినక్స్‌లో నేరుగా కుదరదు. మితిమీరినది పారేయడం ఒక్కటే కుదురుతుంది, దాన్నే పోలీసింగు అంటాం. కానీ రూటరు మధ్యలో ఉంది కదా, ఇంటర్నెట్ నుంచి ఈత్0లో వచ్చినది చివరికి ఈత్1 నుంచి బయటికే వెళ్తుంది. కాబట్టి డౌన్‌లోడును ఈత్1 మీద, అప్‌లోడును ఈత్0 మీద మలుస్తాం. ఐఎఫ్‌బీ అనే నకిలీ ఇంటర్‌ఫేసు మీదికి ఈత్0లో వచ్చేదాన్ని మళ్లించి అక్కడ మలిచే పద్ధతి కూడా ఉంది. అయితే ఆ మళ్లింపు, లినక్స్‌లో ప్యాకెట్లను నియమాలతో పరిశీలించే నెట్‌ఫిల్టరు కన్నా ముందే జరిగిపోతుంది, లోపలి చిరునామాలను రూటరు బయటి చిరునామా వెనక దాచే న్యాట్‌ను అప్పటికి ఇంకా విప్పలేదు, ప్రతి ప్యాకెట్టు మీదా మన రూటరు బయటి చిరునామానే కనిపిస్తుంది. హాస్టలుదో ఆఫీసుదో తెలియాలంటే కనెక్షను గుర్తును అక్కడ ప్రత్యేకంగా తిరిగి తెప్పించుకోవాలి. ఒకే ట్రంకు ఉన్న కాలేజీలో ఆ శ్రమ అవసరం లేదని నా అభిప్రాయం. రెండు మూడు భౌతిక కార్డుల మీద వీల్యాన్లు చెదిరి ఉన్నచోట మాత్రం ఐఎఫ్‌బీయే దారి, ఎందుకంటే అక్కడ అన్నీ కలిసే ఇంటర్‌ఫేసు ఇంకొకటి లేదు.

ఈత్1 మీద చెట్టు పెట్టాలనగానే కొత్త చిక్కు ఒకటి ఎదురవుతుంది. హాస్టలు కుర్రాడు ల్యాబులోని సర్వరు నుంచి ఫైలు తెచ్చుకుంటే ఆ ట్రాఫిక్ కూడా ఈత్1 లోంచే వెళ్తుంది. మొత్తం చెట్టును 95 మెగాబిట్లకు బిగిస్తే ఇంటర్నెట్‌తో సంబంధమే లేని ఈ లోపలి రాకపోకలు కూడా ఆ 95లోనే ఇరుక్కుంటాయి. గిగాబిట్ స్విచ్ కొన్నది ఇందుకా అని ప్రిన్సిపల్ అడిగితే జవాబు ఉండదు. అందుకే వేరు దగ్గరే రెండు పెద్ద కొమ్మలు చేయాలి. ఇంటర్నెట్ కొమ్మ 95 మెగాబిట్లు, లోపలి కొమ్మ 850 మెగాబిట్లు. వీల్యాన్ల కొమ్మలు ఇంటర్నెట్ కొమ్మ కింద వస్తాయి. లైను 100 అయితే 95 ఎందుకు రాస్తున్నామన్నది ఇప్పటికే మీకు తట్టి ఉంటుంది. వరస సర్వీసువారి దగ్గర కాకుండా మన దగ్గరే ఏర్పడాలంటే మన తూము వాళ్ల కాలువ కన్నా కాస్త ఇరుకుగా ఉండి తీరాలి.

ఇక వర్గీకరణ. ఈ ప్యాకెట్టు ఏ కొమ్మకు వెళ్లాలో చెప్పేవారు ఎవరు? ఈత్1 దగ్గరికి వచ్చేసరికి ప్యాకెట్టు ఈత్0 నుంచి వచ్చిందో, ఇంకో వీల్యాన్ నుంచి వచ్చిందో చూపు మేరకు కనబడదు. నెట్‌ఫిల్టరుకు మాత్రం అది తెలుసు. ఫార్వర్డు దశలో ప్యాకెట్టు వెళ్లబోయే ఇంటర్‌ఫేసుగా నెట్‌ఫిల్టరు చూసే పేరు ఈత్1 కాదు, ఈత్1.20. అది వచ్చిన ఇంటర్‌ఫేసు ఈత్0. కాబట్టి 'ఈత్0 నుంచి వచ్చి ఈత్1.20కి వెళ్లేదానికి మార్కు 20' అని అక్కడ రాస్తాం. ఆ మార్కు ప్యాకెట్టుకు అంటుకుని వీల్యాన్ ఇంటర్‌ఫేసు దాటి ఈత్1 దాకా చెక్కుచెదరకుండా వస్తుంది. ఈత్1 మీద ఉన్న ఫిల్టరు మార్కు చూసి కొమ్మ చూపిస్తుంది. గుర్తు వేసేది వీల్యాన్ పేరు తెలిసిన చోట, లెక్క చూసేది వీల్యాన్లన్నీ కలిసే చోట. ఈ రెండింటినీ విడదీయగలిగిన రోజు నుంచి నాకు ఈ పని తేలికైంది.

మార్కు వద్దు, నేరుగా ట్యాగునే చదువుతాం అంటే ఫ్లవర్ అనే ఫిల్టరు ఉంది. 'వీల్యాన్ ఐడీ 20' అని రాస్తే చాలు. అయితే ఒక మెలిక ఉంది. ఈత్1 దగ్గర ఫిల్టరుకు ప్రోటోకాలు ఐపీ అని రాస్తే ట్యాగు కట్టుకున్న ప్యాకెట్టు దానికి చిక్కదు, ఎందుకంటే అక్కడ దాని పైమెట్టు ప్రోటోకాలు 802.1క్యూ. ఐపీ అన్నది ట్యాగు లోపల ఉంది. ఈత్1.20 మీద హాయిగా పనిచేసిన ఫిల్టరును యథాతథంగా తెచ్చి ఈత్1 మీద పెట్టి, లెక్క ఒక్క బైటు కూడా కదలక, గంటల తరబడి తలపట్టుకున్నవాళ్లను నేను చూశాను. ఫ్లవర్ అయితే ప్రోటోకాలు 802.1క్యూ అని రాసి, లోపలిది ఐపీవీ4 అని విడిగా చెప్పాలి. మార్కు ఆధారంగా పట్టే ఫిల్టరు అయితే ప్రోటోకాలు 'ఆల్' అని రాసేయండి, ఈ గొడవే ఉండదు.

ఏ ఫిల్టరుకూ చిక్కని ప్యాకెట్టు సంగతి ఏమిటి? హెచ్‌టీబీలో డిఫాల్టు క్లాసు చెప్పకపోతే అలాంటి ప్యాకెట్టు ఏ లెక్కా లేకుండా కార్డు వేగంతో వెళ్లిపోతుంది. గణాంకాలలో 'డైరెక్ట్ ప్యాకెట్స్' అనే అంకె పెరుగుతూ ఉంటే మీ వర్గీకరణలో కన్నం ఉందని అర్థం. ఆ కన్నం పూడ్చడానికి కొందరు డిఫాల్టును అన్నిటికన్నా సన్నని క్లాసుకు చూపిస్తారు. అప్పుడు ఐపీ చిరునామాకు కార్డు చిరునామా కనుక్కునే ఏఆర్‌పీ కూడా ఆ సన్నని దాంట్లోకే వెళ్తుంది, దానికి ఐపీ హెడరు లేదు కాబట్టి మీ ఐపీ నియమాలేవీ దాన్ని పట్టవు. ఆ క్లాసు నిండిపోయిన క్షణాన ఏఆర్‌పీ జవాబులు ఆగిపోతాయి, వీల్యాన్ మొత్తం చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. స్విచ్‌ను రీస్టార్టు చేసినా లాభం ఉండదు. నేను డిఫాల్టును లోపలి కొమ్మకు చూపిస్తాను. దానికి తోడుగా, ఈత్0 నుంచి వచ్చే ప్రతిదానికీ మొదటి నియమంగానే ఒక సాధారణ ఇంటర్నెట్ మార్కు వేసి, ఆ తర్వాతి నియమాలతో వీల్యాన్లవారీగా సరిదిద్దుతాను. ఈ నియమాలు ఐపీవీ6కు కూడా వర్తించాలి. ఐపీవీ4ను మాత్రమే చూసే ఐపీటేబుల్స్‌లో రాసి ఊరుకుంటే ఐపీవీ6 డౌన్‌లోడంతా మార్కు లేకుండా 850 మెగాబిట్ల కొమ్మలోకి జారుకుంటుంది. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో 'ఐనెట్' పట్టిక వాడితే ఒకే నియమం రెండింటినీ చూసుకుంటుంది.

అంకెలకు వద్దాం, ఒక్క ఫోను క్లాసునే నిదానంగా లెక్కిద్దాం. మాటను అంకెలుగా మార్చే జీ.711 కోడెక్‌తో సాగే ఫోను మాట 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్టు పంపుతుంది, అంటే సెకనుకు 50. ప్రతి ప్యాకెట్టులో మాట 160 బైట్లు, హెడర్లు ఆర్‌టీపీ 12, యూడీపీ 8, ఐపీ 20, మొత్తం 200 బైట్లు. సెకనుకు 80 కిలోబిట్లు. కరపత్రాలలో మీకు కనిపించేది మాటకు మాత్రమే లెక్కగట్టిన 64, పుస్తకాలలో కనిపించేది ఈ 80. టీసీ చూసేది ఇంకోటి. అది ఈథర్నెట్ హెడరు 14 బైట్లు కలిపి 214 అంటుంది. ట్యాగు కట్టే పని కార్డుకే అప్పగించి ఉంటే ఆ 4 బైట్లు దాని లెక్కలోకి రావు. తీగ మీద నిజంగా పట్టే చోటు మరీ ఎక్కువ. ట్యాగు 4, చివరి సరిచూపు 4, ఫ్రేముకు ముందు వెళ్లే 8, రెండు ఫ్రేముల మధ్య ఖాళీ 12 కలిపితే 242 బైట్లు, అంటే 96.8 కిలోబిట్లు. 40 మంది ఒకేసారి మాట్లాడితే తీగ మీద 3.872 మెగాబిట్లు, టీసీ కళ్లకు 3.424. తేడా చిన్నది కాదు. సన్న ప్యాకెట్లు ఎక్కువగా నడిచేచోట టీసీ లెక్కను నమ్మి బిగిస్తే తీగ ముందే నిండిపోతుంది. అందుకే వేరు క్యూడిస్క్‌కు 'స్టాబ్' అనే మాటతో ప్యాకెట్టుకు 28 బైట్లు అదనంగా లెక్కించమని చెప్పవచ్చు. 1500 బైట్ల ప్యాకెట్లకు ఈ తేడా పట్టించుకోనక్కరలేదు, ఫోన్లకు మాత్రం పట్టించుకోవాలి.

కాబట్టి ఫోన్లకు 4 మెగాబిట్లు. ఆఫీసుకు 31, ల్యాబులకు 25, హాస్టలుకు 35. కలిపితే సరిగ్గా 95. ఈ కలిపిన మొత్తం తల్లి కొమ్మ రేటును దాటకూడదు. దాటినా హెచ్‌టీబీ అభ్యంతరం చెప్పదు, కానీ అందరికీ ఇచ్చిన హామీ అందరికీ అబద్ధమవుతుంది. ఆఫీసు, ల్యాబు, హాస్టళ్లకు గరిష్ఠ హద్దు 95 అని రాస్తాం, అంటే మిగతావాళ్లు వాడనప్పుడు ఎవరైనా మొత్తం తీసుకోవచ్చు. నేను మొదట మూడు చెట్లతో సాధించలేకపోయింది ఇదే. ఒకే చెట్టులో మూడు అంకెలు మార్చితే వచ్చేసింది. ఫోన్ల క్లాసుకు ప్రాధాన్యం 0 ఇవ్వండి, హెచ్‌టీబీలో చిన్న అంకెకే పెద్దపీట. కానీ ఫోన్లకు గరిష్ఠ హద్దును కూడా 4 దగ్గరే ఉంచండి, అక్కడ అప్పు అవసరం లేదు. ప్రాధాన్యమూ అప్పూ రెండూ ఒకే క్లాసుకు ఇస్తే, ఎవరైనా తమ లాప్‌టాప్‌ను ఫోను వీల్యాన్‌లో పెట్టిన రోజున మిగిలినవాళ్లంతా ఎండిపోతారు.

కొమ్మల చివర ఏముండాలన్నది కూడా చెప్పాలి. ఊరికే వదిలేస్తే ప్రతి ఆకు క్లాసుకూ మామూలు వరస వస్తుంది, ముందు వచ్చినది ముందు వెళ్తుంది. హాస్టలు క్లాసులో ఒకడు పెద్ద డౌన్‌లోడు పెడితే మిగతా మూడొందల మంది వాడి వెనక నిలబడతారు. ఎఫ్‌క్యూ-కోడెల్ పెట్టండి. కాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ 2012లో ప్రచురించిన కోడెల్ ఆలోచన ఇందులో ఉంది. వరసలో ఎంత పొడవు పేరుకుంది అని కాక, ప్యాకెట్టు వరసలో ఎంతసేపు నిలబడింది అని చూడటం ఆ ఆలోచన. 100 మిల్లీసెకన్ల పాటు ఎంత తక్కువ చూసినా నిరీక్షణ 5 మిల్లీసెకన్లు దాటే ఉంటే ప్యాకెట్లను వదలడం మొదలుపెట్టి, పంపేవాళ్లకు నెమ్మదించమని సంకేతం ఇస్తుంది. దానికి ముందు ప్రవాహాలను 1024 చిన్న వరసలుగా విడదీస్తుంది, కాబట్టి ఒకడి డౌన్‌లోడు ఇంకొకడి పేజీకి అడ్డు రాదు. ఒకడే వంద కనెక్షన్లు తెరిస్తే మాత్రం వాడికి వంద వంతులు దక్కుతాయి. మనిషికి ఒక వంతు కావాలంటే 2018లో 4.19 కెర్నెల్‌తో వచ్చిన కేక్‌ను చూడవచ్చు. మనం ఈత్1 మీద, న్యాట్ విప్పిన తర్వాత ఉన్నాం కాబట్టి లోపలి చిరునామాలు దానికి నేరుగానే కనిపిస్తాయి.

కార్డులు చేసే ఒక మేలు ఇక్కడ కీడవుతుంది. వచ్చిన చిన్న ప్యాకెట్లను జతచేసి 64 కిలోబైట్ల వరకు ఒకే ముద్దగా పైకి పంపే పద్ధతి ఉంది, దానివల్ల ప్రాసెసరుకు పని తగ్గుతుంది. హెచ్‌టీబీ ఆ ముద్దను ఒక్క ప్యాకెట్టుగానే చూస్తుంది. 95 మెగాబిట్ల దగ్గర ఆ ముద్ద వెళ్లడానికి ఐదున్నర మిల్లీసెకన్లు, సరిపెట్టుకోవచ్చు. అప్‌లోడు 10 మెగాబిట్లే ఉన్నచోట 52 మిల్లీసెకన్లు, ఫోను ప్యాకెట్టు అంతసేపు దాని వెనక ఆగాలి. అలాంటి తక్కువ వేగం లైన్ల మీద ఈథ్‌టూల్‌తో ఆ సదుపాయాలను ఆపేయండి.

ఇక 3 బిట్ల ప్రాధాన్యం. రూటరు దాటిన తర్వాత స్విచ్‌లో కూడా ఫోను ప్యాకెట్టుకు దారి దొరకాలంటే ట్యాగులో ఆ 3 బిట్లు నింపి పంపాలి. లినక్స్ వీల్యాన్ ఇంటర్‌ఫేసు ఏమీ చెప్పకపోతే అందరికీ 0 రాస్తుంది. ఇంటర్‌ఫేసు తయారుచేసేటప్పుడు 'ఈగ్రెస్ క్యూఓఎస్ మ్యాప్' అని ఒక పట్టిక ఇస్తే, ప్యాకెట్టు లోపలి ప్రయారిటీ సంఖ్యను ట్యాగు ప్రాధాన్యంగా మారుస్తుంది. ఇక్కడ రెండు గుంటలు ఉన్నాయి. ఫార్వర్డు అయ్యే ప్యాకెట్టుకు ఆ లోపలి సంఖ్యను కెర్నెల్ ఐపీ హెడరులోని పాతకాలపు టీఓఎస్ బిట్ల నుంచి లెక్కిస్తుంది. డీఎస్‌సీపీ 46, అంటే ఫోను మాటకు వాడే ఈఎఫ్, ఆ లెక్కలో 4 అవుతుంది. వీడియోకు వాడే ఏఎఫ్41, పెద్ద ఫైళ్లకు వాడే ఏఎఫ్11 రెండూ 2 అయిపోతాయి. కాబట్టి ఆ లెక్కకు వదిలేయకుండా నెట్‌ఫిల్టరులో ప్రయారిటీని మీరే రాయడం మేలు. రెండో గుంట, ఐపీటేబుల్స్‌లోని 'క్లాసిఫై' టార్గెట్. అది హెచ్‌టీబీ క్లాసు సంఖ్యను ఇదే ప్రయారిటీ గడిలో రాస్తుంది. క్లాసు సరిగ్గా దొరుకుతుంది, కానీ ట్యాగు పట్టికలో ఆ పెద్ద సంఖ్య ఉండదు కాబట్టి ప్రాధాన్యం మళ్లీ 0 అవుతుంది. అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. క్లాసు ఎంచుకోవడానికి మార్కు, ట్యాగు నింపడానికి ప్రయారిటీ. ఒకదాని పని ఇంకొకదానికి ఇవ్వను.

హాస్టలు వైపు నుంచి వచ్చే డీఎస్‌సీపీని మాత్రం నమ్మకండి. ఏ గేమో, ఏ టోరెంటు ప్రోగ్రామో తన ప్యాకెట్ల మీద 46 రాసుకుంటే అడ్డుకునేవారు లేరు. గడప దగ్గరే 0 చేయండి. ఫోను వీల్యాన్‌లో వచ్చినదాన్ని మాత్రం నమ్మవచ్చు, అదీ ఆ పోర్టులకు ఫోన్లు తప్ప ఇంకేమీ తగిలించనివ్వకపోతేనే.

ఇప్పుడు ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: వీల్యాన్ చూసి కాకుండా యూట్యూబ్, వాట్సాప్ అని అప్లికేషన్ చూసి వర్గీకరించలేమా?)

పదిహేనేళ్ల కిందట పోర్టు నంబరు చూసి చాలా చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు దాదాపు అంతా 443 పోర్టు మీదే, ఎన్‌క్రిప్షనుతో నడుస్తోంది. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000గా ప్రమాణమైన క్విక్ అయితే యూడీపీ మీద వెళ్తుంది, కనెక్షను వివరాలు కూడా చాలావరకు లోపలే దాచుకుంటుంది. చిరునామాల జాబితాలు పెట్టుకోవచ్చు, వాటిని రోజూ సరిదిద్దుకునే ఓపిక ఉండాలి. అందుకే నా మటుకు వీల్యాన్‌కు విలువ పెరిగిందనే చెబుతాను. ప్యాకెట్టు లోపల ఏముందో మనకు తెలియకపోయినా, అది ఎవరిదో తెలుసు. పరీక్ష రాస్తున్న ల్యాబు మెషీను ఏ సైటు తెరిచిందో చూడనవసరం లేకుండానే దాని వంతు దానికి ఇవ్వగలం. మనుషుల బ్రౌజింగులోకి తొంగిచూడకుండా పంచగలగడం నాకు ఇందులో ఇష్టమైన విషయం కూడా.

(ప్రశ్న: మా ఐపీ ఫోన్లు వైఫై మీద ఉన్నాయి. ట్యాగులో ప్రాధాన్యం 5 ఇచ్చాం, డీఎస్‌సీపీ 46 ఉంది, అయినా మాట తెగిపోతోంది.)

మంచి ప్రశ్న, ఇది చాలాచోట్ల ఉన్నదే. వైఫైలో నాలుగు తరగతులు ఉంటాయి, మాట, వీడియో, మామూలు, తొందర లేని బ్యాక్‌గ్రౌండు. ప్రాధాన్యం 6, 7 అయితే మాట తరగతి. 4, 5 అయితే వీడియో తరగతి. చాలా పరికరాలు డీఎస్‌సీపీలో పై 3 బిట్లు మాత్రమే తీసుకుంటాయి. 46ను బైనరీలో రాస్తే 101110, పై మూడు బిట్లు 101, అంటే 5. మీ మాట వీడియో వరసలో నిలబడుతోంది, హాస్టలులో ఎవరో వీడియో కాల్ పెట్టినప్పుడల్లా దానితో పోటీ పడుతోంది. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8325 ఈ సంగతినే ప్రస్తావించి 46ను 6కు జతచేయమని చెప్పింది. మీ యాక్సెస్ పాయింటు సెట్టింగులలో క్యూఓఎస్ మ్యాపు మార్చే వీలుంటే 46 ఎదురుగా 6 రాయండి. ఆ వీలు లేకుండా అది ట్యాగునే చదివే రకమైతే, రూటరులో ఫోను వీల్యాన్ ఈగ్రెస్ పట్టికలో 5 ఉన్నచోట 6 పెట్టి, స్విచ్‌లో కూడా 6కు పై వరస ఉందో లేదో చూసుకోండి. మార్చిన తర్వాత కాల్ నడుస్తుండగా టీసీపీడంప్‌ను ఈత్1 మీద, ట్యాగు కనిపించేలా 'మైనస్ ఈ' పెట్టి నడపండి. ఫోను వైపు వెళ్లే ప్రతి వరుసలోనూ వీల్యాన్ సంఖ్య పక్కన 'పీ 6' అని కనిపించాలి. అది కనిపించకపోతే తప్పు ఇంకా రూటరులోనే ఉంది, కనిపిస్తే అక్కడి నుంచి స్విచ్ వైపు వెళ్లండి.